రెండు సెకన్ల ఆదా

ఇంట్లో ప్రమాదం వస్తే బయటపడే డ్రిల్లుకి ఈల వేశాను. మా ఆవిడ అత్యవసర సంచి భుజాన వేసుకుని పరుగెత్తింది. గేటు దాటేసరికి నలభై సెకన్లు! ఫ్యాక్టరీలో భద్రతాధికారిని, నా పరువేం కాను?

“గుమ్మంలో ఆగి ‘వెళ్ళొస్తానండీ’ ఏమిటి? ఇల్లు కూలిపోతుంటే మళ్ళీ రావడమెందుకు? ‘వెళ్తున్నా’ చాలు. రెండు సెకన్లు కలిసొస్తాయి.”

“అలాగేనండీ.”

సంచి తనిఖీ చేశాను. టార్చి, తన సర్టిఫికెట్లు, తన బట్టలు, ఒకే ఒక్క టూత్‌బ్రష్.

“నా బ్రష్షేదీ?”

“బరువు తగ్గించమన్నారుగా.”

మెచ్చుకున్నాను.

ఇవాళ నేను గడ్డం గీసుకుంటుండగా, ఈల వెయ్యకముందే సంచి అందుకుంది.

“వెళ్తున్నా.”

నేను స్టాప్‌వాచ్ నొక్కేలోపే గేటు దాటేసింది. రికార్డు! సబ్బు మొహంతోనే చప్పట్లు కొట్టాను.

సాయంత్రమైంది. గేటు దగ్గర నిలబడి ఈల వేస్తూనే ఉన్నాను. ఇది పొమ్మనే ఈల. రమ్మనే ఈల నేను నేర్పనేలేదు.