వంచిన తల

గుండెలో కొత్త వాల్వు వేయించుకుని నేను ఇంటికొచ్చిన ఆరు నెలలకు మా చెల్లెలికి అక్క గుర్తొచ్చింది. ఆసుపత్రి వైపు తొంగిచూడని మనిషి ఇప్పుడు గుమ్మంలో నిలబడింది. దానికోసం దాచుకున్న మాటలన్నీ నా నాలుక చివరనే ఉన్నాయి.

"రావమ్మా మహాతల్లీ, బతికే ఉన్నానని నీకెవరు చెప్పారు?" అని మొదలుపెట్టానో లేదో, ముక్కులోంచి రక్తం కారింది.

రక్తం పలచబడే మాత్రలు మింగేవాళ్ళకు ఇది మామూలే. కూర్చుని, తల ముందుకు వంచి, ముక్కు మెత్తగా ఉన్నచోట గట్టిగా నొక్కిపట్టి, పది నిమిషాలు నోరు మెదపకూడదు. తువ్వాలు అడ్డం పెట్టుకుని అలాగే కూర్చున్నాను.

"ఏడవకక్కా," అంది చెల్లెలు.

నేనా, ఏడవడమా! అదీ దాని ముందు తల వంచుకుని! కాదని చెప్పే వీలైనా లేదు.

"తప్పు నాదే. ఆపరేషనప్పుడు వరసగా మూడు రోజులు వచ్చాను. ఆసుపత్రి మెట్లదాకా వచ్చి వెనక్కి పోయాను. నువ్వు లేవకపోతే ఎలాగని భయమేసింది."

మెట్లదాకా వచ్చిందట! ఎంత చక్కగా అల్లుతోందో అనుకున్నాను.

అది ఇంకా ఏదో చెబుతూనే, తువ్వాలుకు అంటిన రక్తం చూసి నా వీపు మీద చెయ్యి వేసింది. "పది నిమిషాలైంది, ఇక ముక్కు వదులు. తల మాత్రం వెనక్కి వాల్చకు. నర్సు నాకూ చెప్పింది, ఆ మెట్ల మీదే."

రక్తం ఆగిపోయిన సంగతి నాకూ తెలుస్తూనే ఉంది.

"ఇంకా కారుతోందే," అన్నాను తువ్వాలు తియ్యకుండా. "నువ్వు చెప్పుకుంటూ పో."