బొమ్మ లేనిదే మార్కు లేదు

"ఫైలు అక్కడ పెట్టి రా," అన్నాడు ఎఫ్రెయిమ్ సార్ రెండోసారి.

ఆల్వీనా లేచి నిలబడింది గాని ఫైలు వదల్లేదు. దాన్ని గుండెలకు అదుముకుని బోర్డు వైపు చూస్తూ ఉండిపోయింది.

పక్కన కూర్చున్న వెర్లిన్ తల దించుకుని, అప్పటికే మొన తేలి ఉన్న పెన్సిల్ని మళ్ళీ చెక్కడం మొదలుపెట్టింది. నిన్న సాయంత్రం సార్ చెవిన వేసింది తనే. చెప్పేటప్పుడు న్యాయమే అనిపించింది. ఇప్పుడు చెవులు కాలుతున్నాయి. నిన్న పొద్దున కూడా ఆల్వీనా తన ఉప్పుచేప కూరిన బేక్స్ రొట్టెలో సగం తుంచి వెర్లిన్‌కి పెట్టింది మరి.

చెప్పిందల్లా ఇంతే. ఆల్వీనా ఆఖరి సంవత్సరం మొదటి టర్మంతా బడికే రాలేదు. పక్క ద్వీపం మార్టినిక్‌లో అమ్మమ్మకి జబ్బు చేస్తే చూసుకోవడానికి వెళ్ళానంది. తిరిగొచ్చిన దగ్గర్నుంచి సాయంత్రం చదువులకు ఉండదు. పాఠం మధ్యలో కునుకు తీస్తుంది. మధ్యాహ్నం బెల్లు కొట్టగానే ఎవరో తరుముతున్నట్టు గేటు దాటి పరిగెత్తి, రొప్పుకుంటూ తిరిగొస్తుంది. అలాంటి పిల్లకి మెకానిక్స్‌లో నిండా మార్కులు, బెంచీకి అతుక్కుపోయి చదివే వెర్లిన్‌కి అత్తెసరు. బయటెవరో లెక్కలు చేసిపెడుతున్నారనీ, అవన్నీ ఆ ఫైల్లోనే ఉంటాయనీ చెప్పింది.

పరీక్షకి పేర్లు పంపడానికి ఇవాళే ఆఖరు. అందుకే సార్ భోజనం బెల్లు కొట్టినా ఎవర్నీ కదలనివ్వలేదు. ఒక్కొక్కరూ బోర్డు మీద లెక్క చేయాలి, చేసినవాళ్ళ పేరే రాజధానిలోని పరీక్షల కచేరీకి వెళ్తుంది అన్నాడు.

ఆ బెల్లు మోగినప్పుడు ఆల్వీనా కాసేపు వెళ్ళొస్తానని బతిమాలింది. ఎక్కడికంటే చెప్పలేదు.

"జవాబులు తెచ్చుకోడానికి సార్," అన్నాడు వెనక బెంచీలోంచి డెల్రాయ్.

గది గదంతా నవ్వింది. వెర్లిన్ కూడా నవ్వింది. అది జరిగిన కాసేపటికి ఆల్వీనా ఫైలెత్తి ఒంటికి ఆనించుకుంది, ఇక దించలేదు. అందరి వంతూ అయిపోయి ఇప్పుడు తనొక్కతే మిగిలింది.

చివరికి ఫైలుతోనే బోర్డు దగ్గరికి నడిచింది. లెక్క తేలికైనదేం కాదు. ఏటవాలు పలక మీద పెట్టె, పెట్టెకి తాడు, తాడు కప్పీ మీదుగా పోయి అవతల వేలాడే బరువు. బొమ్మ లేనిదే మార్కు లేదన్నది సార్ మాట, అది చిన్న తరగతుల పిల్లలక్కూడా తెలుసు. బొమ్మ గీయాలంటే బారెడు చెక్క స్కేలుని ఒక చేత్తో నొక్కిపట్టి రెండో చేత్తో సుద్ద లాగాలి. ఆల్వీనా ఎడమచెయ్యి ఫైలు మీదే ఉంది. మోచేత్తో స్కేలుని ఆపబోయింది. అది జారి దబ్బున కింద పడింది. మళ్ళీ నవ్వులు.

"సార్, బొమ్మ మీరు గీయండి, నేను చెప్తాను. బరువు ఎక్కువ కాబట్టి పెట్టె పైకి జారుతుంది. అంటే రాపిడి కిందికి. తాడు లాగుడు రెండు పక్కలా ఒకటే."

వెర్లిన్ పెన్సిలు ఆగింది. మొన్న తను తప్పింది సరిగ్గా ఆ రాపిడి దగ్గరే.

"పరీక్షలో కూడా నేనే వచ్చి గీయాలా?" అన్నాడు సార్. "ఆ ఫైల్లో ఏముంది?"

"ఏమీ లేదు సార్."

"లేకపోతే పెట్టెయ్యి. పెట్టకపోతే పేరు కొట్టేసి సిస్టర్ దగ్గరికి పంపుతాను."

బడి నడిపే సిస్టర్ సంగతి అందరికీ తెలిసిందే. కాపీ కొట్టినా, కడుపు తెచ్చుకున్నా, రమ్ము తాగినా ఆవిడ దగ్గర ఒకటే శిక్ష. గేటు బయటికి వెళ్ళినవాళ్ళు మళ్ళీ లోపలికి రారు. ఆల్వీనాకి మూడో ఫారం నుంచీ వంతెనలు కట్టే ఇంజనీరు కావాలని ఒకటే కల. ఈ పరీక్ష పోతే ఆ కలా పోయినట్టే.

ఆల్వీనా ఫైలుని ఇంకా గట్టిగా అదుముకుంది.

"కొట్టెయ్యండి సార్," అంది.

సార్ పెన్ను తీశాడు గాని రాయలేకపోయాడు. గదిలో ఎవరూ నవ్వలేదు. వెర్లిన్‌కి కూర్చున్నచోట నిప్పుల మీద ఉన్నట్టుంది. తను చెప్పింది నిజమని అందరి ముందూ తేలితే తప్ప ఈ మంట చల్లారదు. విసురుగా లేచి వెళ్ళి ఫైలు పట్టుకుంది.

"వద్దే వెర్లీ," అంది ఆల్వీనా, వెర్లిన్‌కి మాత్రమే వినబడేలా.

వెర్లిన్ లాగేసింది. ఫైలు తెరుచుకుని కాగితాలు నేలంతా చెదిరాయి. మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కొక్కటీ తిప్పి చూసింది. అన్నీ తెల్లకాగితాలే, ఒక్క అంకె కూడా లేదు.

మరి ఎందుకింత రాద్ధాంతం చేశావని అడగబోయి తలెత్తింది. ఆల్వీనా రెండు చేతులూ అడ్డం పెట్టుకుంది గాని, అవి చాల్లేదు.

తెల్లచొక్కా ముందంతా పాలతో తడిసిపోయి ఉంది.