ఖాళీ హాల్లో ఒకరు

అశోక్‌నగర్‌లోని ఆ కోచింగ్ సెంటర్ వెబ్‌సైట్ కోడ్ మొత్తం ఒకే ఫైల్లో చిక్కుపడిపోయి ఉంది. కింది ఆఫీసు గదిలో కూర్చుని, తెల్లారేసరికి దాన్ని విడదీసి, ఒక్కో గదికి ఒక్కో ఫైలు చేసిపెట్టాలి నవనీత. ఏ గదిలో ఎందరున్నారో కెమెరాలు లెక్కపెట్టి చెబుతాయి. ఖాళీ కుర్చీల కోసం పిల్లలు ఆ లెక్కను ఫోన్లో, సైట్‌లో చూసుకుంటారు.

పై అంతస్తులోని చదువు హాలు ఫైలును విడిగా నడిపి చూసింది. ‘లోపల ఒకరు’ అని వచ్చింది. హాలు మూసి చాలాసేపయింది. తన పొరపాటేమోనని కోడ్ మళ్లీ చదివింది. తప్పేమీ లేదు. పాత లెక్కలు చెరిపేసి మళ్లీ నడిపింది. మళ్లీ ఒకరే.

"పెద్దులన్నా, పైన ఎవరన్న ఉండిపోయిండ్రా?" అని వాచ్‌మన్‌ను కేకేసింది.

"నేనే తాళమేసిన గద మేడం. పరేషాన్ గాకుండ్రి, జర చూసొస్త."

అతని చెప్పుల చప్పుడు మెట్లెక్కింది. పైన తాళం తీసిన చప్పుడైంది. తెర మీద ఒకరు ఇద్దరయ్యారు. ఆ తర్వాత చాలాసేపు ఏ అలికిడీ లేదు.

చివరికి పెద్దులు కిందికి దిగి, గదిలోకొచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు.

"ఎవ్వరు లేరు మేడం. ఉత్త కుర్చీలే."

తెర మీద కూడా హాలు ఖాళీ అనే ఉంది. హమ్మయ్య అనుకుని ఫైళ్లన్నీ కలిపి నడిపింది నవనీత. తను కూర్చున్న ఆఫీసు గది పేరు పక్కన ‘లోపల ముగ్గురు’ అని వచ్చింది.

ఆమె పక్కనున్న కుర్చీ, ఎవరో కూర్చున్నట్టు, కిర్రుమంది. పెద్దులు ఇంకా తలుపు దగ్గరే నిలబడి ఉన్నాడు.