రెండు, ఐదు, ఒకటి

"మళ్ళీ అక్కడే ఆగిపోయారు," అంది టీచరు.

నేర్చుకుంటున్న పెద్దావిడ పియానో మెట్ల మీంచి వేళ్ళు తీసి ఒళ్ళో పెట్టుకుంది. "ఎటు జరగాలో తోచడం లేదమ్మా."

"మూడు కార్డుల్లోకీ ఆ చివరిదే తేలిక అమ్మగారూ. అన్నీ తెల్ల మెట్లే. నాలుగు కలిపి నొక్కితే ఒక కార్డ్. డి దగ్గర మొదలుపెట్టి ఒకటి వదిలి ఒకటి: డి, ఎఫ్, ఏ, సి. సి నుంచి లెక్కపెడితే డి రెండో స్వరం, అందుకే ఇది రెండు. చెయ్యి అలాగే ఉంచి జి దగ్గరికి జరపండి, ఐదు అయింది. అలాగే సి దగ్గరికి. అది ఒకటి. అంటే ఇల్లు. జాజ్ పాటల్లో చాలా మటుకు ఈ దారినే నడుస్తాయి. మీలా ఐదు దగ్గర ఆపేస్తే ఎలా ఉంటుందో తెలుసా? తుమ్ము వచ్చి ఆగిపోయినట్టు."

పక్కగదిలో పేపరు విసురుగా మడిచిన చప్పుడైంది.

అక్కడున్నది పెద్దావిడ భర్త. పెద్ద హోటల్లో రాత్రి భోజనాల వేళ పియానో వాయించి రిటైరైన మనిషి. అందరికీ మాస్టారు. ఈ టీచరు కూడా ఆయన శిష్యురాలే. పక్కన నిలబడి బేస్ తీగల మీద కింది స్వరాలు వాయించే స్నేహితుడు పోయిన రోజున ఆయన పియానో మూత దించాడు. మళ్ళీ ఎత్తలేదు. మొన్నామధ్య ఉన్నట్టుండి, "ఎవరూ వాయించని పెట్టె ఎందుకు? అమ్మేస్తాను," అన్నాడు.

"నేను నేర్చుకుంటాను," అందామె.

"ఈ వయసులోనా?"

"కుట్టుమిషను నేర్చుకున్నది ఏ వయసులో? మీ ఒంటి మీది చొక్కానడగండి, చెబుతుంది."

ఆయన నవ్వలేదు. "నెలాఖరు ఆదివారం కొనేవాడొస్తాడు. ఈలోగా రెండు, ఐదు, ఒకటి తప్పు లేకుండా వాయించి చూపించు. పెట్టె ఉంటుంది. లేకపోతే పోతుంది."

మీరే వాయించండి అని ఆమె అనలేదు. ఇదివరకు అలా అన్నప్పుడల్లా ఆయన తలుపేసుకున్నాడు. పెట్టె వెనక గోడకు మాత్రం రంగు వెలవలేదు. రేపు ఆ చోటు ఖాళీగా చూడాల్సి వస్తుందేమోనని ఆమెకు నిద్ర పట్టేది కాదు.

పొద్దున్నా సాయంత్రం కూర్చునేది. రెండు. ఐదు. అంతే.

"ఏమోయ్, సి దగ్గరికి రా," అని లోపలినుంచి కేక.

"రావడం లేదండీ."

"అయిదు దాకా వచ్చిన దానివి, ఆ కాస్తా రాలేవా?"

ఒకరోజు గడ్డం గీసుకుంటూ, సగం మొహం నురగతోనే గుమ్మం దాకా వచ్చాడు. నిలబడ్డాడు. తువ్వాలుతో చేతులు తుడుచుకున్నాడు. వెనక్కి వెళ్ళిపోయాడు.

ఇంకోరోజు టీచరు వరండాలో చెప్పులు విడుస్తుంటే లోపలినుంచి మూడో కార్డ్ నిండుగా వినిపించింది.

"ఇప్పుడు వాయించింది మీరేనా?"

"చెయ్యి జారిందమ్మా. మళ్ళీ రాదు."

నిజంగానే రాలేదు. టీచరు విసిగి పక్కగదిలోకి వెళ్ళింది. "మాస్టారూ, ఒక్కసారి మీరు కూర్చుని చూపిస్తే..."

"నేర్పేది నువ్వు," అన్నాడాయన పేపరులోంచి తలెత్తకుండా.

ఆదివారం కొనేవాడు వచ్చి టేపుతో ముందు పెట్టెను, తర్వాత గుమ్మాన్ని కొలిచాడు. మాస్టారు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"ఊఁ, కానీ."

ఆమె రెండు వాయించింది. ఐదు వాయించింది. చెయ్యి గాల్లో ఆగిపోయింది.

టీచరు కళ్ళు మూసుకుంది. కొనేవాడు టేపు చుట్టడం ఆపాడు. ఐదో కార్డ్ గదిలో పలచబడుతూ, ఎటూ పోలేక వేలాడుతోంది.

కుర్చీ కిర్రుమంది.

"పక్కకు జరుగు," అన్నాడు మాస్టారు. కూర్చోలేదు. ఆమె భుజం మీదుగా వంగి, కుడిచేత్తో మూడోది నొక్కాడు. చెయ్యి తియ్యలేదు. కింది స్వరం ఎప్పుడూ ఆ స్నేహితుడి వాటా. కాసేపాగి, ఎడమచేత్తో అదీ తనే నొక్కాడు.

ఆమె మెల్లగా స్టూలు మీంచి జారింది. ఆయన కూర్చున్నాడు. మళ్ళీ రెండు. ఐదు. ఒకటి. అక్కడినుంచి ఇంకెటో.

కొనేవాడు కాసేపు నిలబడి విన్నాడు. "నేను మళ్ళీ ఎప్పుడు రమ్మంటారు?"

"ఎందుకులెండి, శ్రమ," అని ఆమె వీధి తలుపు తెరిచి పట్టుకుంది.

టీచరు ఆమె వెనకే వంటింట్లోకి వచ్చింది. "పందెం ఓడిపోయి కూడా పెట్టె దక్కించుకున్నారు. అది సరే గాని, ఇన్నాళ్ళూ ఆ ఒక్కటీ మీకెందుకు రాలేదంటారు?"

ఆమె స్టవ్ వెలిగించి, టీ గిన్నె పెట్టి, పక్కగది వైపు ఓసారి చెవి ఒగ్గింది.

"మొదటి వారమే వచ్చిందమ్మా."