ఎక్కడ పెడతారు?

"ఈ కుర్చీ ఎంతండీ?"

పాత సామాన్ల షాపు ముందు ఆ కుర్చీలోనే కూర్చున్న పెద్దావిడ తలెత్తి చూసింది. కూర్చున్న కుర్చీకే బేరం వస్తుందని పాపం ఆవిడ అనుకుని ఉండదు.

అడిగినామె మోచేయి భర్త గిల్లాడు. "కూర్చున్న మనిషిని లేపి మరీ కొంటావా?"

"అడిగితే తప్పేంటి? అడగందే అమ్మయినా పెట్టదు," అంది భార్య.

వాళ్ళింట్లో ఆర్థిక మంత్రి ఆమే. ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు, ఆమె ఇంట్లోనే బట్టలు కుడుతుంది. డబ్బు చేతికి రాగానే ముందు కొంత ఫండ్లలోకి పోవాలి, మిగిలినదాంతోనే నెల గడవాలి. హోటలు గడప తొక్కకూడదు. కొత్త సామాను ఇంట్లో అడుగు పెట్టకూడదు.

కళ్ళకీ కాళ్ళకీ మాత్రం వెనకాడకూడదు. అదీ ఆమె చట్టమే. సూదిలో దారం ఎక్కించే తనకి మంచి కళ్ళజోడు, రోజంతా నిలబడే ఆయనకి మంచి బూట్లు.

ఇంత కటకటా సొంతింటి కోసమే. గోడకి మేకు కొట్టొద్దని అద్దెకిచ్చిన ఇంటివాళ్ళు కసిరిన రోజున ఆమె వెక్కి వెక్కి ఏడ్చింది. అప్పుడు పట్టిన పట్టు ఇది.

బీరువా, భోజనాల బల్ల, నిలువుటద్దం అన్నీ ఈ షాపులోవే. అన్నీ ఈ పెద్దావిడ దగ్గర కొన్నవే. లోపల సామాను సర్దుతూ కనిపించే మనిషిని ఆవిడ కొడుకనుకున్నారు.

ఆవిడది ఎప్పుడూ ఒకటే ప్రశ్న. "ఎక్కడ పెడతారమ్మా?"

"బల్లనా? కిటికీ పక్కన. పొద్దున్నే ఎండ పడుతుంది."

చెప్పగానే రేటు దిగేది.

"మనం ఎక్కడ పెట్టుకుంటే ఈవిడకెందుకు?" అని భర్త దారంతా విసుక్కునేవాడు.

"చెబితే నీ సొమ్మేం పోయింది? తగ్గించిందిగా! నా బేరమంటే మాటలనుకున్నావా?"

ఈసారీ అదే ప్రశ్న వచ్చింది.

"కుట్టుమిషను ముందు పెడతానండీ. స్టూలు మీద కూర్చుని నడుము పడిపోతోంది."

పెద్దావిడ మెల్లగా లేచింది. కుర్చీ వీపుని అరచేత్తో తుడిచింది.

"ఎంతిస్తావు తల్లీ?"

అలవాటు ప్రకారం సగానికి సగం అడిగింది భార్య.

"సరే, తీసుకెళ్ళు."

బేరమే లేకుండా గెలిస్తే ఏం రుచి? మలుపు దగ్గర ఆమె వెనక్కి తిరిగి చూసింది. పెద్దావిడ తలుపుకి ఆనుకుని నిలబడే ఉంది. మనసు చివుక్కుమంది. కానీ కుర్చీ అప్పటికే భర్త భుజమెక్కింది.

కొన్నాళ్ళకి పొదుపు పండింది. చిన్నదే అయినా సొంతిల్లు. భర్త దర్జాగా గోడకి మేకు కొట్టి అద్దం తగిలించాడు. అద్దంలో తనని, తన వెనక గదిని చూసుకుని ఆమెకి కళ్ళు చెమర్చాయి.

"ఆ పెద్దావిడ తగ్గించబట్టేగా ఇంత త్వరగా కొనుక్కోగలిగాం. ఒకసారి వెళ్ళి కనబడి వద్దాం."

దారిలో చెప్పుల షాపులో మెత్తటి చెప్పులు తీసుకుంది. అడిగినంతా ఇచ్చేసింది.

భర్త కంగారుపడ్డాడు. "ఒంట్లో బాగానే ఉందా?"

"కాళ్ళకి వెనకాడకూడదు. ఆ రోజు ఆవిడని నిలబెట్టి వచ్చాంగా."

షాపు ముందు ఎవరూ లేరు. లోపలి మనిషి బయటికొచ్చాడు.

"అమ్మగారు లేరాండీ?"

"ఎవరి అమ్మగారు?"

"మీ అమ్మగారే. ఇక్కడ కుర్చీలో కూర్చునేవారే..."

"అయ్యో, ఆవిడ మా అమ్మ కాదండీ. వెళ్ళిపోయారు. చెల్లెలింట్లో ఒక గది ఇస్తామన్నారట. ఎక్కడో ఏమిటో నాకు చెప్పలేదు."

ఆమె చేతిలో చెప్పుల సంచీ బరువెక్కింది.

"పోనీలెండి, షాపుకి ఇప్పుడు నాలుగు డబ్బులు మిగులుతాయి," అని భర్త తేలిక చేయబోయాడు. "మా ఆవిడ ఎంతంటే అంతకి ఇచ్చేసేవారు."

"అదే నేనూ మొత్తుకున్నాను. మీరు తీసుకెళ్ళిన బీరువాకి ఒక వ్యాపారి రెట్టింపు ఇస్తానన్నాడు. ఎక్కడ పెడతావయ్యా అని అడిగారు. గోడౌన్లో అన్నాడు. అయితే అమ్మనన్నారు!"

భార్యకి నవ్వొచ్చింది. "భలేవారే! మీ సామాను అమ్మనని చెప్పడానికి ఆవిడెవరండీ?"

అతను ఖాళీగా ఉన్న ఆ చోటు వైపు చూశాడు.

"నా సామాను కాదమ్మా, వాళ్ళాయన పోయాక ఇల్లు ఖాళీ చేస్తూ ఆవిడ ఒక్కొక్కటే తెచ్చి ఇక్కడ పెట్టుకున్నారు, మీరు పట్టుకెళ్ళినవన్నీ, చివరికి ఆ కుర్చీతో సహా, ఆవిడ కాపురమే."