ఐదో గుంజ

కుల్కచర్ల దగ్గర ఒక రైతు చేలో, ఎరువు కోసం ఆ రాత్రి మా గొర్రెల మందను ఆపాం. నాలుగు మూలలా నాలుగు గుంజలు పాతి, చుట్టూ వల కట్టాం. మొదటి గుంజ దగ్గర గొంగడి పరిచి తాత కూర్చున్నాడు. పక్కనే నేను ఫోన్‌లో లైవ్‌గా ఎమ్మెస్సీ జ్యామితి క్లాసు వింటూ నోట్సు రాసుకుంటున్నాను.

"వంపున్న తలం మీద సమాన దూరాలు నడుస్తూ నాలుగుసార్లు లంబంగా మళ్లినా, బయల్దేరిన చోటికి రాలేం," అన్నారు సార్. రాసుకున్నాను.

"బిడ్డా, మంద సుట్టు జర తిరిగి రా. నక్కలున్నయ్," అన్నాడు తాత.

నోట్సు గొంగడి మీద వదిలి, ఇయర్‌ఫోన్లతోనే వల పట్టుకుని నడిచాను. గొర్రెల నెమరు చప్పుడు నిద్రలా మెత్తగా నా వెంట వచ్చింది. నాలుగో మలుపుకి మొదటి గుంజ, దాని దగ్గర తాత ఉండాలి. లేడు. ఇంకా నడిచాను. చేతికి ఐదో గుంజ తగిలింది.

దూరంగా, మందకు అవతల, టార్చి వెలుగులో తాత కనిపించాడు. పక్కన ఎవరో అమ్మాయి తల వంచుకుని నా నోట్సులో రాస్తోంది.

"సలి పెడ్తుందా బిడ్డా?" అని తాత ఆమెనే అడిగాడు.

"రాసుకున్నావా సింధుజా?" అన్నారు సార్ నా చెవిలో.

"రాసుకున్న సార్," అని ఆ అమ్మాయి జవాబు వినిపించింది. గొంతు నాదే.