కేస్ షీటులో రాసింది

మండపేటలో ఒక నర్సింగ్ హోము. ఇంజెక్షన్ వికటించి స్పృహ తప్పిన రైస్ మిల్లు కూలీని అంబులెన్సులో కాకినాడ పంపేశారు.

వెంటనే డాక్టరుగారు కేస్ షీటు తెచ్చి నర్సింగ్ అసిస్టెంటు తబిత ముందు పెట్టారు.

“ముందు టెస్ట్ డోస్ ఇచ్చి, పడుతుందో లేదో చూశామని రాసెయ్యమ్మా.”

“ఇవ్వలేదు కదండీ!” అంది తబిత కోపంగా.

“కూలీవాడి తరఫున అడిగేవాళ్ళెవరు?”

“వాళ్ళావిడ అడిగిందండి. ఏం ఇంజెక్షన్ చేశారమ్మా అని నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. ఆవిడకి అబద్ధం చెప్పమంటారా?”

“ఈ ఉద్యోగం పోతుంది. ఇంకెక్కడా నిన్ను పెట్టుకోరు.”

“పోనివ్వండి!”

“నీ మంచికే చెబుతున్నానమ్మా,” అన్నారాయన గొంతు తగ్గించి.

తబిత ఆయన చేతిలోని పెన్ను లాక్కుని రాసింది:

“టెస్ట్ డోస్ ఇవ్వలేదు. డాక్టరుగారు ఇవ్వమన్నారు. రద్దీగా ఉందని నేనే మానేశాను. తబిత.”